పాత ఫాంట్ల మాడ్యూల్‌ను తీసేయాలా, ఉంచాలా: మా లైబ్రరీలో ఏడాది దాటి నడిచిన వ్యవహారం

2023 నవంబరు మొదట్లో మా లైబ్రరీ (తెలుగు పాఠంతో పనిచేసే ప్రోగ్రాములు తెచ్చుకుని వాడుకునే కోడు సంపుటి) మీద ఒక ఫిర్యాదు వచ్చింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 3.12 వెర్షన్ మీద ఇన్‌స్టాల్ చక్కగానే అవుతోందనీ, ప్రోగ్రాములోకి ఇంపోర్ట్ చేయగానే మాత్రం ఎర్రర్ వచ్చి ఆగిపోతోందనీ ఇంజనీరింగ్ చదువుతున్న ఒక కుర్రాడు రాశాడు. అతనికి కావలసింది తెలుగు పదాన్ని అక్షరాలుగా విడగొట్టే చిన్న ఫంక్షన్ ఒక్కటే. అడ్డుపడుతున్నది అతను ఎన్నడూ వాడని, బహుశా పేరైనా వినని ఒక పాత మాడ్యూల్, అంటే లైబ్రరీలో ఒక భాగం. దాన్ని తీసేయాలా, ఉంచాలా అన్న ప్రశ్న ఆ రోజు మొదలై 2025 ఫిబ్రవరి దాకా మమ్మల్ని వదల్లేదు. ఇలాంటి నిర్ణయం ఎదురుగా ఉన్నవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

లైబ్రరీని చూసుకునేది ముగ్గురం. నేను విశాఖపట్నంలో మధురవాడలో ఉంటాను, ఉద్యోగం రుషికొండలో. మిగతా ఇద్దరిలో ఒకరు హైదరాబాదులో, ఒకరు బెంగళూరులో ఉంటారు. ఎవరికీ దీని మీద రూపాయి రాదు, రాత్రి భోజనాలయ్యాక దొరికే గంటా గంటన్నరలోనే ఈ పని. గొడవకు మూలమైన మాడ్యూల్ మా ముగ్గురి కంటే ముందు నుంచీ లైబ్రరీలో ఉంది. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలు) వాడుకలోకి రాకముందు డీటీపీ (కంప్యూటర్ మీద అచ్చు పేజీలు కూర్చడం) కోసం తయారైన తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చడం దాని పని. ఆ ఫాంట్లలో ఒక బైటు (కంప్యూటర్ దాచుకునే ఒక చిన్న సంఖ్య) అంటే ఒక అక్షరం కాదు, అక్షరంలో ఒక ముక్క. తలకట్టు ఒకటి, కొమ్ము ఒకటి, వత్తు ఒకటి, అన్నీ కాగితం మీద ఎడమ నుంచి కుడికి ఏ వరసలో కనబడాలో ఆ వరసలోనే ఉంటాయి. ‘ప్రజ’ అన్న మాటలో కొన్ని ఫాంట్లకు రావత్తు ముందు వచ్చి ఆ తర్వాతే పకారం వస్తుంది. యూనికోడ్‌లో పకారం, పొల్లు, రకారం అన్న వరస ఉండాలి. ఫాంటుకొక పట్టిక, ఆ పట్టిక చెప్పినట్టు ముక్కలను వరస మార్చి కలిపే కొంత కోడు, అంతే ఆ మాడ్యూల్.

ఆ పట్టికలను లోడ్ చేయడానికి అందులో ‘ఇంప్’ అనే పైథాన్ భాగాన్ని వాడారు. దాన్ని వాడవద్దని 2014లో వచ్చిన 3.4 నుంచీ పైథాన్ చెబుతూనే ఉంది, చివరికి 2023 అక్టోబరులో వచ్చిన 3.12లో తీసేసింది. దాని స్థానంలో ‘ఇంపోర్ట్‌లిబ్’ పెట్టడం ఒక సాయంత్రం పని. అప్పటికి మాత్రం ఆ మాడ్యూల్ లోడ్ కాకపోయినా మిగతా లైబ్రరీ నడిచేలా ఒక కట్టు కట్టి, వారం లోపే కొత్త విడుదల ఇచ్చి ఆ కుర్రాడి ఫిర్యాదు మూసేశాం. అసలు మాట్లాడుకోవలసింది సంక్రాంతి తర్వాత చూద్దామనుకున్నాం.

2024 జనవరిలో పండగ వెళ్లిన వారం ముగ్గురం కాల్‌లో కలిశాం. హైదరాబాదు మిత్రుడు ఈ మాడ్యూల్‌ను మొన్ననే భోగి మంటలో వేసేసి ఉండాల్సిందని నవ్వుతూ మొదలుపెట్టాడు కానీ అతని వాదన నవ్వులాటది కాదు. పైథాన్ వాళ్లంతటి వాళ్లే పాతబడిన మాడ్యూళ్లకు 3.11లో హెచ్చరిక పెట్టి, రాబోయే 3.13లో పంతొమ్మిదింటిని ఒక్కసారే తీసేయబోతున్నారు. లైనక్స్ కెర్నెల్ వాళ్లు రైజర్‌ఎఫ్ఎస్ అనే పాత ఫైల్ సిస్టమ్‌ను 2025లో తీసేస్తామని 2022లోనే ప్రకటించారు. ముందు చెప్పి, గడువిచ్చి తీసేయడం తప్పు కాదని అతని మాట. బెంగళూరు మిత్రురాలు ఒప్పుకోలేదు. పైథాన్ తీసేసినవాటికి బదులు వాడుకోవడానికి మరొకటి దొరుకుతుంది, మన పట్టికలకు బదులు ఎక్కడుందో చూపించమని ఆవిడ అడిగారు. ఆ ఫాంట్లు అమ్మకపు సరుకు కనుక వాటి లోపలి అమరికను ఎవరూ బయటపెట్టలేదు. ఎవరో కూర్చుని ఒక్కో బైటునూ తెర మీద చూసి రాసుకున్నదే మా దగ్గరున్న పట్టిక.

నాకు తీసేయాలనే ఉంది. ఆ కోడు తెరిచినప్పుడల్లా విసుగొచ్చేది. ఎందుకు పెట్టారో తెలియని షరతులు, వ్యాఖ్య లేని సంఖ్యలు, ముట్టుకుంటే ఏం విరుగుతుందో చెప్పలేని పరిస్థితి. వేల వరుసల కోడును ఒక్క వేటుతో తీసేసి, లైబ్రరీ తేలికపడిందని విడుదల వివరాల్లో రాసుకోవడంలో ఒక సుఖం ఉంది. ఆ సుఖం నిర్ణయానికి ప్రమాణం కాకూడదని అప్పుడు ఎవరైనా చెబితే వినేదాన్ని కాదేమో. మొత్తానికి ఆ రాత్రి తేలింది ఇంతే: ముందు హెచ్చరిక పెడదాం, మూడు నెలలు చూద్దాం, వాడేవాళ్లు మాట్లాడకపోతే తీసేద్దాం.

హెచ్చరిక పెట్టడంలో ఒక మెలిక ఉంది, తెలియకపోతే ఆ మూడు నెలలూ వృథా. ‘డెప్రికేషన్ వార్నింగ్’ అనే మామూలు రకాన్ని పైథాన్ తనంతట తాను చూపించదు. నేరుగా నడిపే స్క్రిప్టులోనే ఆ పిలుపు ఉంటే తప్ప మింగేస్తుంది. అందుకని అందరికీ కనబడే ‘ఫ్యూచర్ వార్నింగ్’ రకాన్ని ఎంచుకుని, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రెండు వాక్యాలు రాసి, ఈ మాడ్యూల్ వాడుతున్నవారు మే నెలాఖరులోగా మాకు తెలియజేయమని కోరాం. ఆ విడుదల ఫిబ్రవరి ఆఖరున వెళ్లింది.

మార్చిలో ఎవరూ రాయలేదు. ఏప్రిల్‌లోనూ లేదు. ఎండలు ముదిరాయి, మే కూడా గడిచిపోయింది. హైదరాబాదు మిత్రుడు అప్పటికే తీసివేత మార్పును సిద్ధం చేసి మా పరిశీలనకు పెట్టాడు. ఆమోదం నొక్కడమే మిగిలింది. నేను నొక్కలేకపోయాను. మంచితనం ఏమీ కాదు, ఒక అంకె అడ్డుపడింది. పైథాన్ ప్యాకేజీలు దొరికే పైపీఐ సైటులో మా లైబ్రరీ డౌన్‌లోడ్లు నెలకు కొన్ని వందలు. వాటిలో ఎక్కువ భాగం నకళ్లు దాచుకునే అద్దాల (మిర్రర్) సర్వర్లవీ, ఆటోమేటిక్ పరీక్షలవీ అని ఎవరైనా చెబుతారు. అయితే డౌన్‌లోడ్ వివరాలను గూగుల్ వాళ్ల బిగ్‌క్వెరీ అనే డేటా సేవలో ఎవరైనా వెతుక్కోవచ్చు; ప్యాకేజీలను దించే పిప్ అనే సాధనం తనతో పాటు పైథాన్ వెర్షన్‌ను, ఆపరేటింగ్ సిస్టమ్‌ను కూడా చెబుతుంది. నెలకు ఒక టెరాబైట్ దాకా వెతుకులాట ఉచితం, కానీ ఆ డౌన్‌లోడ్ల పట్టిక ఎంత పెద్దదంటే తేదీల హద్దు పెట్టకుండా అడిగితే ఆ ఉచితం కాస్తా ఒక్క ప్రశ్నకే హారతి కర్పూరమైపోతుంది. జాగ్రత్తగా హద్దులు పెట్టి చూస్తే భారతదేశం నుంచి, విండోస్ 7 మీద, పైథాన్ 3.8తో, క్రమం తప్పకుండా పనిదినాల్లో ఉదయం పూట వచ్చే కొన్ని డౌన్‌లోడ్లు కనిపించాయి. సర్వర్లు విండోస్ 7 మీద నడవవు. పైథాన్ 3.8 విండోస్ 7 మీద పనిచేసే చివరి వెర్షన్. అంటే కొత్త యంత్రం కొనలేని, లేదా కొనడం ఇష్టం లేని మనిషెవరో పొద్దున్నే కంప్యూటర్ పెట్టి మా లైబ్రరీని పిలుస్తున్నారు.

విండోస్ 7 మీద తెలుగు పని అనగానే నాకు తట్టింది డీటీపీ షాపులే. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఇప్పటికీ పెళ్లి కార్డులు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు దాని మీదే చేసేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. జూన్‌లో శనివారాల్లో డాబాగార్డెన్స్, అల్లిపురం వైపు వెళ్లి ప్రెస్సులు ఎక్కి దిగడం మొదలుపెట్టాను. ఇది అంత సుఖమైన పని కాదని ముందే చెప్పాలి. అచ్చు వేయించుకోవడానికి రాలేదని తెలియగానే చాలామంది ముఖం తిప్పుకున్నారు. కొందరు నన్ను ఏదో కంపెనీ తరఫున లైసెన్సులు తనిఖీ చేయడానికి వచ్చినదాన్ననుకుని, మా దగ్గర అన్నీ ఒరిజినలే అని నేనడక్కుండానే చెప్పారు. ఎక్కువమందికి యూనికోడ్‌తో పనే లేదు. పాత ఫాంటులో టైపు చేస్తారు, ప్లేటు తీస్తారు, అచ్చు వేస్తారు. చివరికి ఒక బైండింగ్ షాపు ఆయన, పాత పుస్తకాలను ఫోన్లలో చదివేలా మార్చి ఇచ్చే పెద్దాయన ఒకరున్నారని చెప్పి, ఆ మేడ మెట్లు చూపించారు.

అరవై దాటిన మనిషి. చిన్న గది, రెండు కంప్యూటర్లు. పాతదాని వెనక పోర్టులో ఫాంట్ల సాఫ్ట్‌వేర్ తాలూకు డాంగిల్ (అది లేకపోతే సాఫ్ట్‌వేర్ నడవని తాళపు ముక్క) ఉంది. అది కొత్త మిషన్‌లో పనిచేయదు కాబట్టి పాత మిషన్‌ను ఆయన మార్చలేదు. మేనల్లుడు రాసిపెట్టిన ఒక బ్యాచ్ ఫైలు (ఆదేశాలను వరసగా నడిపే ఫైలు) డెస్క్‌టాప్ మీద ఉంది. పేజ్‌మేకర్ నుంచి తీసిన టెక్స్ట్ ఫైలును దాని మీదకు లాగి వదిలితే చాలు, పక్కన యూనికోడ్ ఫైలు వచ్చి కూర్చుంటుంది. ఆ బ్యాచ్ ఫైలు తెరిచి చూశాను. మొదటి వరుసలో, దాచిన ప్రతిని వాడకుండా మా లైబ్రరీ తాజా వెర్షన్‌ను ప్రతిసారీ కొత్తగా దించి పెట్టే పిప్ ఆదేశం, రెండో వరుసలో మార్పిడి. రోజూ పొద్దున్నే వచ్చే డౌన్‌లోడ్ల సంగతి అక్కడ తెలిసింది.

మూడు నెలలుగా మేము పెట్టిన హెచ్చరిక రోజూ ఆయన తెర మీదకు వస్తూనే ఉంది. అడిగితే ఆయన నవ్వారు. “ఏటమ్మా, ఆ నల్ల కిటికీ ఇలా వస్తాది, అలా పోతాది. అందులో ఏటుందో సదివే టైమెక్కడిది?” అన్నారు. నిజమే, పని పూర్తవగానే ఆ కిటికీ మూసుకుపోతుంది. చదివినా ఏం చేసేవారు? మా కోడు ఉండే గిట్‌హబ్ సైటులో ఖాతా తెరిచి ఇంగ్లీషులో ఫిర్యాదు రాయాలని మేము అనుకోవడమే వింత. మే నెలాఖరున మేము ఆమోదం నొక్కి ఉంటే, మర్నాడు పొద్దున ఆయన బ్యాచ్ ఫైలు దానంతటదే మా కొత్త వెర్షన్‌ను దించుకుని, మార్పిడి దగ్గర ఆగిపోయేది. ఆ గదిలో కూర్చుని ఆ సంగతి అర్థమైనప్పుడు నాకు కొంచెం చెమట పట్టిన మాట వాస్తవం.

అసలు విషయం ఇంకా తర్వాత బయటపడింది. మార్పిడి బాగానే వస్తోందా అని మాటవరసకు అడిగితే ఆయన సొరుగులోంచి ఒక రూళ్ల నోటుబుక్ తీశారు. పేజీకి నిలువుగా గీత కొట్టి, ఎడమ వైపు మా మాడ్యూల్ ఇచ్చిన మాట, కుడి వైపు ఉండవలసిన మాట, నీలం ఇంకుతో గుండ్రటి చేతిరాత. అపలరాజు అని ఎడమన ఉంటే కుడిన అప్పలరాజు. అపన్న, అప్పన్న. ఉపు, ఉప్పు. చెపాడు, చెప్పాడు. పావత్తు ఎక్కడున్నా ఎగిరిపోతోంది. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు అరుదైన మన ప్రాంతంలో ఇదెంత అవస్థో చెప్పనక్కర్లేదు. ప్రతి ఫైలుకూ ఆ జాబితాలోని మాటలన్నీ ఒక్కొక్కటిగా వెతికి మార్చడమే ఆయన ప్రూఫు పని. కంప్యూటర్ మార్పిడి అంటే ఇంతేనని ఆయన అనుకున్నారు.

జాబితాకు దొరకని తప్పు కూడా ఒకటుంది. ‘అప్పుడు’ కాస్తా ‘అపుడు’ అవుతోంది. అపుడు అన్నది కూడా మాటే, కాబట్టి ఎవరి కంటికీ ఆనదు. ఊళ్లో ఒకాయన రాసిన పద్యాల పుస్తకం మార్చి ఇచ్చినప్పుడు, గురువు ఉండవలసిన చోట లఘువు పడి భగణాలు కొన్ని నగణాలైపోయాయి. తన పద్యాల్లో గణాలు తప్పాయంటే ఆ కవిగారు ఎలా ఊరుకుంటారు? ఆ పుస్తకానికి మా పెద్దాయనకు డబ్బులు పూర్తిగా రాలేదు.

ఇంటికొచ్చి ఆ రాత్రే వెతికాను. పైథాన్ 2 కాలంలో మాడ్యూల్ ఫైలును బైట్లుగానే చదివేది, అప్పుడు ఈ తప్పు లేదు. 2020 జనవరి 1తో పైథాన్ 2కు మద్దతు ఆగిపోతుందని అందరూ హడావిడిగా కోడు మార్చుకుంటున్న రోజుల్లో, మాకు ముందు చూసుకున్నవారెవరో దాన్ని విండోస్ 1252 ఎన్‌కోడింగ్‌తో (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పద్ధతి) చదివేలా మార్చారు. ఆ ఎన్‌కోడింగ్‌లో ఐదు స్థానాలు ఖాళీ: హెక్సాలో 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. ఆ బైట్లు ఎదురైతే పైథాన్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఆగకుండా ఉండాలని ‘ఇగ్నోర్’, అంటే తెలియని బైటును వదిలేయి, అని పెట్టారు. ఒక ఫాంటులో పావత్తు సరిగ్గా ఆ ఖాళీల్లో ఒకదాంట్లో ఉంది. టెస్టుల్లో ఉన్న నమూనా వాక్యాల్లో పకారానికి పావత్తు పడే మాట ఒక్కటీ లేదు కాబట్టి అన్ని టెస్టులూ పచ్చగా వెలుగుతూనే ఉన్నాయి.

నా ఆలోచన మారింది ఇక్కడే. అప్పటిదాకా మేము వాదించుకున్నది ఈ మాడ్యూల్ పాతదా, ఎవరైనా వాడుతున్నారా, మోయడం బరువా అని. పాతదైనా సరే, విరిగినప్పుడు విరిగానని చెప్పే కోడును ఎన్నేళ్లయినా అలా ఉంచవచ్చు. ఇది విరిగినా చప్పుడు చేయకుండా తప్పు అక్షరాలు ఇస్తోంది, పైగా వాటి కింద మా లైబ్రరీ పేరుంది. దీన్ని ఉన్నదున్నట్టు ఉంచడానికి వీల్లేదు. తీసేస్తే ఆ నోటుబుక్ మనిషికి ఆ సగం సాయం కూడా పోతుంది. ఈ రెంటి మధ్య ఏదో ఒకటి చూడాలి.

ఎన్‌కోడింగ్ తప్పును దిద్దడం ఒక్క వరుస. దిద్దాక వచ్చే ఫలితం సరైనదేనని ఎవరు చెప్పాలన్నదే చిక్కు. అమ్మకపు ఫాంట్లను మా టెస్టుల్లో పెట్టి పంచే హక్కు మాకు లేదు. నోటుబుక్ జాబితాను టెస్టులుగా మార్చుకుంటానని ఆయన్ని అడిగి, అన్ని పేజీలూ జిరాక్సు తీయించుకున్నాను. ఆయన మార్చిన పాఠాలను అచ్చు పుస్తకాలతో పోల్చి చూడడానికి, రిటైరైన ఒక తెలుగు మాస్టారిని పేజీకి పదిహేను రూపాయల చొప్పున కుదుర్చుకున్నాను. అన్నీ కలిపి మూడు వేలు దాటలేదు, నా జేబులోంచే పెట్టాను. మాస్టారు మూడు వారాలు తీసుకున్నారు. చెప్పిన పేజీల కంటే ఎక్కువే చూసి, అచ్చు పుస్తకంలోనే ఉన్న తప్పులకు కూడా ఎర్ర సిరా చుట్టి పంపారు. వాటిని వేరు చేయడానికి నాకు మరికొన్ని రాత్రులు పట్టింది.

ఈలోగా బెంగళూరు మిత్రురాలు ఇంకొకటి కనిపెట్టారు. మా లైబ్రరీ మొత్తం షరతులు చాలా తక్కువైన ఎంఐటీ లైసెన్సు మీద ఉంటే, పట్టికల ఫైళ్ల పైన మాత్రం జీపీఎల్ రెండో వెర్షన్ (కలిపి పంచేదంతా అదే షరతుల మీద పంచాలనే లైసెన్సు) అని రాసి ఉంది. ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. రెండూ ఒకే ప్యాకేజీలో పెట్టి పంచుతూ అంతా ఎంఐటీ అని చెప్పుకోవడం కుదరదు. లైసెన్సు మార్చాలంటే హక్కుదారులందరూ ఒప్పుకోవాలి. ఫైలు మీదున్న చిరునామాకు ఈమెయిల్ పంపితే తిరిగొచ్చింది. ఉద్యోగాల సైటులో అదే పేరున్న ఒకరిని వెతికి సందేశం పెట్టి, జూలై అంతా ఎదురుచూశాం. దాదాపు ఆరు వారాల తర్వాత జవాబొచ్చింది. ఆ కోడు ఇంకా నడుస్తోందా అని ఆయన ఆశ్చర్యపడ్డారు. తన భాగం ఎలా కావాలంటే అలా వాడుకోమన్నారు. కానీ పట్టికల్లో సగం అప్పటి సహోద్యోగి ఒకరు రాసినవనీ, ఆయనతో సంబంధాలు తెగిపోయి చాలా కాలమైందనీ చెప్పారు. దాంతో లైసెన్సు మార్చే దారి మూసుకుపోయింది. నిజం చెప్పాలంటే ఆ జవాబు చదివి నేను ఊపిరి పీల్చుకున్నాను, ఎందుకంటే ముగ్గురం ఎటూ తేల్చుకోలేకపోతున్న విషయాన్ని లైసెన్సు తేల్చేసింది. పట్టికలు ప్రధాన లైబ్రరీలో ఉండకూడదు. జీపీఎల్ మీదే వేరే ప్యాకేజీగా ఉండడానికి ఏ అడ్డూ లేదు.

ఆగస్టు చివర్లో కాల్‌లో దీని మీదే ఒప్పందానికి వచ్చాం. హైదరాబాదు మిత్రుడు కోడును కాపాడటానికి వీల్లేదని పట్టుబట్టాడు, అది న్యాయమే. విలువ పట్టికల్లో ఉంది, వాటిని నడిపే కోడులో కాదు. పాత కోడు మొత్తం వదిలేసి, పట్టికలను పైథాన్ ఫైళ్ల నుంచి మామూలు కామాల ఫైళ్లలోకి మార్చి, రెండు వందల వరుసలైనా లేని కొత్త కోడు అతనే రాశాడు. రేపు పైథాన్ కాకుండా మరో భాష వాళ్లు వచ్చినా ఆ ఫైళ్లను తీసుకోవచ్చు. పట్టికలో లేని బైటు ఎదురైతే మింగకుండా, ఫలానా వరుసలో ఫలానా బైటు తెలియదని చెప్పి ఆగుతుంది.

విడుదలల వరస గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పనికొచ్చే కిటుకు ఇందులోనే ఉంది. ముందుగా పాత వెర్షన్ల వరుసలోనే, పావత్తు తప్పును దిద్దిన చివరి విడుదలను సెప్టెంబరులో ఇచ్చాం. అది పైథాన్ 3.8 మీద నడుస్తుంది. తర్వాత అక్టోబరులో మాడ్యూల్ లేని 2.0 ఇచ్చి, దానికి కనీసం పైథాన్ 3.9 కావాలని ప్యాకేజీ వివరాల్లో రాశాం. పిప్ ఆ షరతును గౌరవిస్తుంది; 3.8 ఉన్న యంత్రంలో తాజా వెర్షన్‌కు పెంచమని అడిగినా 2.0 జోలికి పోకుండా, దిద్దిన పాత విడుదల దగ్గరే ఆగుతుంది. అంటే మేడ మీది గదిలో ఎవరూ ఏమీ మార్చనక్కర్లేదు. కొత్త పైథాన్ ఉన్నవాళ్లు పాత పేరుతో మాడ్యూల్‌ను పిలిస్తే, కొత్త ప్యాకేజీ పేరు చెప్పే ఎర్రర్ వస్తుంది. నియమం ప్రకారం పెద్ద అంకె మార్చినప్పుడే పాత పిలుపులను తెంచాలి కాబట్టి 1 నుంచి 2కు వెళ్లాం. అదే నెలలో పైథాన్ 3.13 విడుదలై, 3.8కు మద్దతు కూడా ముగిసింది. కనుక 3.9 షరతు ఎందుకని అడిగినవాళ్లు లేరు.

2.0 విడుదలైన మర్నాడు పొద్దున డాబాగార్డెన్స్‌కు ఫోన్ చేశాను. అప్పలరాజు బాగానే వస్తున్నాడు, అయినా నోటుబుక్ తీసి ఓసారి చూసుకుంటున్నానని ఆయన అన్నారు. నమ్మకానికి ఇంకొన్నాళ్లు పడుతుంది, అది ఆయన హక్కు.

కొత్త ప్యాకేజీ మీద తొలి ఫిర్యాదు డిసెంబరులో వచ్చింది, మేము ఊహించని వైపు నుంచి. పాత పత్రికల సంచికలను భద్రపరిచే పనిలో ఉన్న ఒకరు, మార్పిడి ప్రతి పదో ఫైలు దగ్గరా ఆగిపోతోందనీ, ముందున్నదే నయమనీ కోపంగా రాశారు. ముందున్నది ఆ చోట్ల అక్షరాలను మింగేసేదని చూపించడానికి, ఆయన పంపిన ఫైలునే పాత వెర్షన్‌తో కూడా మార్చి రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి పంపాను. నాలుగు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆయన అడిగింది సబబుగానే ఉంది: రాత్రంతా వందల ఫైళ్లు మార్చేటప్పుడు ఆగితే ఎలా? తెలియని బైటు ఉన్నచోట కంటికి కనబడే గుర్తు పెట్టి ముందుకు సాగే వీలును జనవరిలో చేర్చాం. మొదటి వారంలోనే ఆయన పంపిన గుర్తుల జాబితాతో ఒక పట్టికలో లేని సంయుక్తాక్షరాలు కొన్ని దొరికాయి.

ఫిబ్రవరిలో ముగ్గురం మళ్లీ కలిసి చివరి చిక్కుముడిని చూశాం. ఒక ఫాంటుకు నోటుబుక్ ఉంది, మరొకదానికి పత్రికల ఫైళ్లు ఉన్నాయి. మిగిలిన రెండు ఫాంట్ల పట్టికలు సరైనవో కావో చెప్పగల మనిషి ఇప్పటికీ దొరకలేదు. హైదరాబాదు మిత్రుడు వాటిని తీసేద్దామన్నాడు, బెంగళూరు మిత్రురాలు ఉంచుదామన్నారు. వాటిని పేరు పెట్టి అడిగినవారికే ఇచ్చి, అడిగిన ప్రతిసారీ ఇది పరిశీలించని పట్టిక అని ఫలితం ఫైలులోనే మొదటి వరుసగా రాసేలా చేశాం, నల్ల కిటికీని నమ్ముకోకుండా. 2025 నవంబరులో మళ్లీ చూద్దామనుకున్నాం. ఆ రెండు ఫాంట్లలో టైపు చేసిన ఫైలూ, దాని అచ్చు ప్రతీ రెండూ దగ్గరున్నవారెవరైనా ఉంటే, ఒక పది పేజీలు పంపినా సరిపోతుంది. జిరాక్సు ఖర్చు మేమే పెట్టుకుంటాం.